పాస్టరు పాత ఊరికి పోకూడదు

ఈ ఏడు బైబిలు కాలేజీలో చదువు ముగించుకున్న పిల్లలు కొందరు మొన్న ఖమ్మంలో మా ఇంటికి వచ్చారు. త్వరలో వాళ్లకు సంఘాలు అప్పగిస్తారు. "అయ్యగారూ, మీ అనుభవాలు రాసిపెట్టండి, మాకు పనికొస్తయి" అన్నారు. ప్రసంగం ఎట్లా చెయ్యాలో చెప్తానని వాళ్ల ఆశ కాబోలు. నేను ప్రసంగం మొదలుపెడితే ముందు వరుసలోనే కునుకు తీసేవారు. ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ నన్ను ఆ సలహా అడగరు.

అందుకని నాకు తెలిసిన పని గురించే రాస్తున్నాను. పాస్టరు పనిలో ఎక్కువ భాగం ఒకరి ఇంట్లో కూర్చోవడం. జ్వరపడ్డ మనిషి మంచం పక్కన, కొడుకు తాగివచ్చి తన్నిన తల్లి పక్కన, మాట్లాడటానికి ఏమీ లేనప్పుడు కూడా కూర్చోవడం. రెండు వాక్యాలు చదివి, ప్రార్థన చేసి, చాయ తాగి లేచిపోవడం సులువు. కాలేజీలో శ్రమల గురించి పెద్ద పాఠం ఉంటుంది. దేవుడు బాధలు ఎందుకు రానిస్తాడో కారణాలన్నీ వరసగా రాయిస్తారు. నేనూ రాశాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఏ ఇంట్లోనూ ఆ కారణాల్లో ఒక్కటి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పినవాళ్లను మాత్రం చూశాను. వాళ్ల సంగతి కింద వస్తుంది.

విధేయత గురించి కూడా రాయమన్నారు. ఈ మాట మనం తేలికగా వాడతాం, అదీ ఎదుటివాళ్ల మీదే వాడతాం. దేవునికి లోబడు అని గట్టిగా అరిచేవాడు చాలాసార్లు నాకు లోబడు అంటున్నాడని అర్థం. నాకు విధేయత అంటే ఏమిటో కొంచెం తెలిసింది ఉద్యోగంలో ఉన్నప్పుడు కాదు, అది అయిపోయాకే.

పెద్దయ్యగారు

మాది కారేపల్లి దగ్గర పల్లె. నన్ను మొదట కుసుమంచి వైపు ఒక సీనియర్ పాస్టరు కింద వేశారు. అందరూ ఆయన్ని పెద్దయ్యగారు అనేవారు. మహా కోపిష్టి. నా ప్రసంగం పొడుగైతే వెనక బెంచీ నుంచి దగ్గేవాడు. రెండోసారి దగ్గాడంటే ఆమెన్ చెప్పి దిగిపోవాల్సిందే. ఆయనకు ఉబ్బసం ఉందని కొత్తగా వచ్చినవాళ్లు జాలిపడేవారు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒక నియమం. బదిలీ అయిన పాస్టరు పాత సంఘానికి పోకూడదు. కొత్త పాస్టరు పిలిస్తే తప్ప పెండ్లికి పోకూడదు, చావుకు పోకూడదు, ఊరికే చూసి వస్తానని కూడా పోకూడదు. ఇది మా సంఘాల్లో పాత పద్ధతే కానీ పాటించేవాళ్లు తక్కువ. బిడ్డకు పేరు పెట్టాలంటే జనం అలవాటైన అయ్యగారినే పిలుస్తారు. ఆయన మురిసిపోయి వస్తాడు. కొత్తాయన చర్చి తాళంచెవి చేతిలో పట్టుకుని అరుగు మీద నిలబడి చూస్తుంటాడు. ఇట్లాగే మా పక్క ఊళ్లో సంఘం రెండుగా చీలింది. ఒకే గోడకు అటూ ఇటూ రెండు ఆరాధనలు జరిగేవి. ఒకరి పాట ఒకరికి వినబడకూడదని చెరో మైకు పెట్టుకున్నారు.

నాకు బదిలీ అయి ఆయన దగ్గర నుంచి వెళ్లే రోజు నాకు ఏడుపు ఆగలేదు. పెద్దయ్యగారు బస్సు దాకా వచ్చాడు.

"మంద నీది కాదయ్యా, కాపలా నీది" అన్నాడు. "కాపలా అయిపోయినంక మళ్ల ఆ దిక్కు పోకు. నువ్వు కండ్లముందు ఉన్నన్ని రోజులు వాళ్లు నీ మొఖమే చూస్తరు."

రాతిగుండె మనిషి అనుకుని బస్సెక్కాను.

ముందుగా చెప్పిన సాక్ష్యం

నా ఆఖరి సంఘం పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఊళ్లో. పేరు రాయను, అక్కడివాళ్లకు ఇబ్బంది. ఊళ్లో ఎక్కువ ఇళ్లవాళ్లు తమ పాత వేల్పులను కొలుస్తారు. మా సంఘం చిన్నది, చర్చికి పైన రేకులు. వానొస్తే ప్రసంగం వినబడదు కాబట్టి పాటలు పాడుకునేవాళ్లం. ఎండాకాలం బీడీల తునికాకు కోతకు, పంట రోజుల్లో మిరప తోటల్లో కూలికి పోయే మనుషులు. నేనూ నా భార్య కరుణా ఆ ఊళ్లోనే చాలా ఏళ్లు ఉండిపోయాం. పిల్లలు లేని మాకు ఆ ఊరే ఇల్లయింది.

ఆ సంఘంలో సీతమ్మ ఉండేది. భద్రాచలం దాపున ఏ ఊళ్లో చూసినా సీతమ్మలు ఉంటారు. బాప్తిస్మం నాడు పేరు మార్చుకుంటావా అని పెద్దలు అడిగితే, "మా అమ్మ పెట్టిన పేరు. గీ పేరుతోటి పిలిస్తే దేవునికి నేనెవరో తెల్వదా ఏంది" అంది. పెద్దలు నా వైపు చూశారు. నేను నవ్వు ఆపుకుని ఆమెను సీతమ్మగానే నీళ్లలో ముంచి లేపాను.

ఆమెకు భర్త లేడు. ఒక్కతే కూతురు, జ్యోతి. ఆ పిల్లకు పుట్టుకతో రక్తం జబ్బు. దవాఖానాలో సికిల్ సెల్ అన్నారు. రోజూ మాత్రలు వెయ్యాలి, ఒళ్లు నొప్పులూ జ్వరమూ మొదలైతే ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి అని చెప్పారు. అట్లా జాగ్రత్తగా చూసుకుంటే పిల్ల బాగానే తిరిగేది. సాయంత్రాలు మా ఇంట్లోనే ఉండేది. కరుణ దానికి పాటలు నేర్పేది. అది పాడుతూ పాడుతూ మా వంటింట్లో బెల్లం ఎక్కడుందో కనిపెట్టేది.

మా ఆరాధనలో సాక్ష్యాల సమయం ఒకటి ఉంటుంది. పాటలయ్యాక ఎవరైనా లేచి, ఆ వారంలో దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. తప్పిపోయిన గొడ్డు దొరికిందని ఒకరు, పాము కాలి పక్కనుంచి పోయిందని ఇంకొకరు. మంచి పద్ధతి. మా వాళ్లలో చాలామంది నలుగురి ముందు నోరు విప్పి మాట్లాడటం నేర్చుకున్నది అక్కడే.

ఒక ఏడు కరుణకు ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చి నేను ఆమెతో ఖమ్మం ఆస్పత్రిలో ఉండిపోయాను. ఆ రోజుల్లో ఊరికి ఒక బోధకుడు వచ్చి ఉపవాస కూటాలు పెట్టాడు. జ్యోతి తల మీద చెయ్యి వేసి స్వస్థత అయిపోయింది అన్నాడు. నిజమైన విశ్వాసముంటే జరగకముందే జరిగిందని సాక్ష్యం చెప్పాలి, అదే విధేయత అని బోధించాడు. సీతమ్మ లేచి నిలబడి, నా బిడ్డకు బాగైంది అని చెప్పింది. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఇంటికి పోయి మాత్రలు ఆపేసింది.

తర్వాత జ్వరం వచ్చింది. దవాఖానాకు పోదామని ఆమె లేస్తే సంఘ పెద్ద నర్సయ్య వద్దన్నాడు. నువ్వు సాక్ష్యం చెప్పినంక దవాఖానాకు పోతే దేవుణ్ణి అబద్ధమాడినోణ్ణి చేసినట్టు గాదా అన్నాడు. నర్సయ్య చెడ్డవాడు కాదు. నమ్మిన మాటే చెప్పాడు. సీతమ్మ కూడా నమ్మే ఆగిపోయింది. లోబడాలి అన్నారు, లోబడింది.

నాకు కబురు అంది నేను చేరేసరికి పిల్ల కళ్లు తెరవడం లేదు. ఆటోలో వేసుకుని బయల్దేరాం. సారపాక దాటి గోదావరి వంతెన మీదికి ఎక్కాక కూడా సీతమ్మ ఏడవలేదు. ఏడిస్తే విశ్వాసం లేనట్టు అవుతుందని పళ్లు బిగపట్టుకుని కూర్చుంది. భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ చెయ్యగలిగిందంతా చేసింది. తెల్లవారాక జ్యోతి పోయింది.

సమాధి నర్సయ్యే తవ్వాడు. ఎవర్నీ గడ్డపార ముట్టనివ్వలేదు. ఆ బోధకుడికి నేను ఫోన్ చేస్తే, తల్లి విశ్వాసంలో ఎక్కడో లోపం ఉండి ఉంటుంది బ్రదర్ అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. క్షమించాలని నాకు తెలుసు. రోజూ మొదలుపెడుతూనే ఉన్నాను.

తలుపు దగ్గరి మనిషి

సమాధి చేసి వచ్చాక సీతమ్మ నన్ను అడిగింది.

"నేను జెప్పింది అబద్ధమైందా అయ్యగారూ, దేవుడు జెప్పింది అబద్ధమైందా?"

అది దేవుడు చెప్పింది కాదమ్మా, మనుషులు నీతో చెప్పించింది అన్నాను. ఆ జవాబు సరైనదే, ఇవాళ అడిగినా అదే చెప్తాను. కానీ ఆమెకు అది ఏమీ పనికి రాలేదు. ఆమెకు కావాల్సింది జవాబు కాదు, జ్యోతి. కరుణ ఏమీ చెప్పలేదు. ఆపరేషన్ కుట్లు పచ్చిగా ఉండగానే రోజూ పోయి సీతమ్మ గడప మీద కూర్చునేది. ఇద్దరూ చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవారు. పిల్లలూ, మీ కాలేజీలో ఈ పాఠం చెప్పరు.

సీతమ్మ చర్చి మానలేదు. ప్రతి ఆదివారం వచ్చి తలుపు పక్కనే కూర్చునేది. సాక్ష్యాల సమయం రాగానే లేచి బయటికి పోయి ఇప్పచెట్టు కింద నిలబడేది. అది అయిపోయాక మళ్లీ లోపలికి వచ్చి కూర్చునేది. కొందరు ఆమెకు తిరుగుబాటు ఆత్మ పట్టిందన్నారు, పిలిచి గద్దించమన్నారు. నేను ఒప్పుకోలేదు. ఏ మనిషికైనా దేవుడి ముందు మాట్లాడకుండా ఉండే హక్కు ఉంటుంది. ప్రభువు కూడా సిలువ వెయ్యబోయే ముందు రాత్రి తోటలో ఈ బాధ తప్పించమని తండ్రిని అడిగాడు. తప్పలేదు. పైనుంచి జవాబు వచ్చినట్టు కూడా ఎవరూ రాయలేదు. జవాబు రాకపోయినా ఆయన లేచి ముందుకు పోయాడు. సీతమ్మ కూడా ప్రతి ఆదివారం అట్లా లేచి వస్తోందని నాకు అనిపించేది.

అయినా నాకు ఆశ పోలేదు. సాక్ష్యాల సమయం వచ్చిన ప్రతిసారీ నా కళ్లు తలుపు వైపే పోయేవి. ఇవాళ కూర్చుంటుందేమో, ఇవాళ లేచి ఏదైనా ఒక్క మాట అంటుందేమో అని చూసేవాణ్ణి. తిట్టినా సరే, దేవుణ్ణి నలుగురిలో నిలదీసినా సరే, ఆమె గొంతు ఆ రేకుల కింద మళ్లీ వినాలని ఉండేది. ఆ ఊళ్లో ఇంక దేనికోసమూ నేను అంతగా ఎదురుచూడలేదు.

కొన్నేళ్లకు కరుణ జబ్బు తిరగబెట్టింది. ఖమ్మం తీసుకుపోవద్దు, నన్ను జ్యోతి పక్కనే పెట్టండి అంది. పోయాక అట్లాగే పెట్టాం. ఆమెకు నీళ్లు పోసి చీర కట్టింది సీతమ్మే.

ఆ తర్వాత నాకు రిటైర్మెంట్ వచ్చింది. ఊరు విడిచే రోజు సీతమ్మ చింతపండు మూట తెచ్చి బస్సులో నా ఒళ్లో పెట్టింది. మళ్లీ ఎప్పుడు వస్తారని అడిగింది. కొత్త అయ్యగారు పిలిస్తే వస్తానమ్మా అన్నాను.

"అమ్మగారు ఈడనే ఉంటది గదా" అంది.

బస్సు కదిలింది.

బస్టాండు

ఖమ్మంలో చిన్న గది కిరాయికి తీసుకున్నాను. ఆ ఊరికి నా తర్వాత ప్రసాద్ అనే కుర్ర పాస్టరు వచ్చాడు. అదే అతని మొదటి సంఘం. మంచివాడు, కొంచెం బెదురు మనిషి. నేను పోతే అతను ఇంక అక్కడ అయ్యగారు కాలేడని తెలుసు. కరుణ సమాధి ఒక్కటి చూసి వచ్చేద్దామా అనుకునేవాణ్ణి. కానీ ఆ ఊళ్లో ఒక్క సమాధి చూసి రావడం జరగదు. బస్సు దిగితే ప్రతి ఇంట్లోంచీ మనుషులు వస్తారు.

అందుకని పొద్దున పూట బస్టాండుకు పోయి ఆ ఊరి దిక్కు పోయే మణుగూరు బస్సు ఆగే చోట చాయ తాగడం అలవాటు చేసుకున్నాను. అటువైపు నుంచి దిగే మనుషులు ఒకరిద్దరు తెలిసినవాళ్లు ఉంటారు. వానలు ఎట్లా ఉన్నాయి, ఇప్పపువ్వు రాలిందా అని అడుగుతాను. ఆ బస్సు టైర్లకు అంటిన ఎర్రమట్టి చూసినా నాకు కడుపు నిండేది. అందరూ తమవాళ్ల సమాధుల దగ్గర దీపాలు పెట్టే సమాధుల పండుగ నాడు మాత్రం బస్టాండు వైపు పోను. పోతే ఎక్కేస్తాను.

ఒక శనివారం సాయంత్రం ప్రసాద్ ఫోన్ చేశాడు. ఊరికి మళ్లీ ఒక బోధకుడు వచ్చాడట. నర్సయ్య మనుమరాలికి అదే రక్తం జబ్బు, జ్వరంగా ఉందట. బోధకుడు చెయ్యి వేసి స్వస్థత అయిందన్నాడు. రేపు ఆరాధనలో నర్సయ్య కొడుకూ కోడలూ సాక్ష్యం చెప్పబోతున్నారు. జ్యోతి సమాధి తవ్విన నర్సయ్య కూడా, ఈ బోధకుడు అట్లాంటివాడు కాదని నమ్మాడట.

"నా మాట వింటలేరు అయ్యగారూ. నిన్నగాక మొన్న వచ్చినోడివి, నీకేం తెలుసు అంటున్నరు. మీరొస్తే వింటరు" అన్నాడు.

పాస్టరే పిలిచాడు, నియమం కూడా అడ్డం లేదు. సంచి సర్దుకున్నాను. సర్దుతుంటే నా చేతులు ఎంత సంతోషంగా ఉన్నాయో చూసి నాకే సిగ్గేసింది. అక్కడ ఒక పిల్లకు జ్వరం, ఇక్కడ నేను ఊరు చూస్తానని మురిసిపోతున్నాను. నేను పోయి నాలుగు కేకలు వేస్తే నర్సయ్య వింటాడు, పిల్లను పంపుతాడు. అది రేపటికి. ఆ మరుసటి ఏడు ఇంకో బోధకుడు వచ్చినప్పుడు ప్రసాద్ మాట ఎవరు వింటారు? నేను ఎన్నాళ్లు బతికి ఉంటాను?

ప్రసాద్‌కు తిరిగి ఫోన్ చేశాను. "తమ్ముడూ, వాళ్లతో వాదించకు. ఇప్పుడే పోయి నర్సయ్య ఇంట్లో పిల్ల పక్కన కూర్చో. ఊళ్లో మందులిచ్చే ఆశా కార్యకర్తకు కబురు పెట్టు, మాత్రలు ఆపకుండా చూడమను. దవాఖానాకు పోదాం, నేను తోడొస్తానని ఒక్కటే మాట చెప్తూ ఉండు. జ్వరం ఎక్కువైతే ఎవర్నీ అడగకుండా అంబులెన్సుకు ఫోన్ చెయ్యి. రేపు ఆరాధన అయ్యేలోపు కదలకపోతే నేను వచ్చేస్తాను. పిల్ల కన్నా నియమం ఎక్కువ కాదు" అన్నాను.

ఆదివారం పొద్దున సంచి పట్టుకుని బస్టాండులో కూర్చున్నాను. కరుణ ఆస్పత్రి రోజులు తప్పిస్తే, నాకు గుర్తున్నంతవరకు ఆరాధన వేళకు నేను చర్చిలో లేని మొదటి ఆదివారం అదే. మణుగూరు బస్సు వచ్చింది, నిండింది, పోయింది. ఇంకోటి వచ్చింది. కండక్టర్ నన్ను ఎరుగును. ఎక్కుతలేరా అయ్యగారూ అని అడిగితే తర్వాత దానికి అన్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. ఇప్పుడు పాటలు పాడుతుంటారు, ఇప్పుడు సాక్ష్యాలు మొదలై ఉంటాయి అని లోపల లెక్కపెట్టుకుంటున్నాను. జ్యోతిని తీసుకుపోయిన ఆటో చప్పుడు చెవుల్లో ఆగడం లేదు. నేను చేస్తున్నది విధేయతో, మూర్ఖత్వమో ఆ రెండు గంటలూ నాకు తెలియలేదు. మీకు కూడా తెలియని రోజులు వస్తాయి. తెలిసినట్టు నటించకండి.

మధ్యాహ్నానికి ప్రసాద్ ఫోన్ చేశాడు. భద్రాచలం దవాఖానా నుంచి చేస్తున్నాడు. పిల్లకు సెలైన్ ఎక్కుతోంది, ప్రమాదం లేదన్నారట. జరిగింది అతను చెప్పాడు.

సాక్ష్యాల సమయం అనగానే అందరూ నర్సయ్య కొడుకు వైపు చూశారట. అతను లేవబోయేలోపు తలుపు దగ్గర సీతమ్మ లేచింది. ఎప్పటిలాగే బయటికి పోతుందనుకున్నారు. పోలేదు. నడిచి ముందుకు వచ్చింది.

"నా బిడ్డకు బాగైందని ఈడ్నే నిలబడి జెప్పిన. బాగుగాలే. సచ్చిపోయింది" అంది. "నేను దేవుని తోటి మాట్లాడుడు బంద్ జేసిన. ఆయన మాత్రం నన్ను ఇడిసిపెట్టలే. అన్నేండ్లు ఆ చెట్టు కింద నా తోటే నిలబడ్డడు. గిదే నా సాక్ష్యం. ఓ నర్సయ్యన్నా, పిల్లను దవాఖానాకు తీస్కపోదాం పా. నువ్వు పోతే దేవుడు అబద్ధమైపోడు. నేనొస్త నీ తోడు."

నర్సయ్య అక్కడే కూలబడి ఏడ్చాడట. బోధకుడు ఏదో అనబోతే ప్రసాద్ మైకు తీసుకుని, ఇంక ఆరాధన లేదు, అందరూ ఆటో పిలవండి అన్నాడట. బెదురు మనిషి అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. సీతమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ వంతెన మళ్లీ దాటింది.

ఫోన్ పెట్టేసి బస్టాండు బెంచీ మీద నేను ఏడ్చాను. పిల్ల బతికినందుకు ఏడ్చాను. అన్నేళ్లు నేను ఎదురుచూసిన మాట నేను లేనప్పుడు వచ్చినందుకు కూడా ఏడ్చాను. రెండోదానికే ఎక్కువ ఏడ్చానని ఒప్పుకుంటే మీకు నా మీద గౌరవం తగ్గవచ్చు.

సీతమ్మ ఫోన్

పిల్ల ఇంటికి చేరాక సీతమ్మ ఫోన్ చేసింది. వందనాలు చెప్పుకున్నాం. మొదలు అమ్మగారి సమాధి కాడికి పోయి ఆమెకు చెప్పి, తర్వాత నాకు చేస్తున్నానంది. సమాధులకు సున్నం వేశాం, రెండింటికీ వేశాం అంది. నేను ఉండబట్టలేక అడిగేశాను. అన్నేళ్లు ఎదురుచూశాను సీతమ్మా, నేనున్నప్పుడు ఒక్కసారి లేవలేదేమ్మా అన్నాను.

"మీరుంటే మీరే జెప్తరు గదా అయ్యగారూ. మీరు లేరనే లేసిన" అంది.

పెద్దయ్యగారు ఆ రోజు బస్సు దగ్గర అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయన రాతిగుండె మనిషి కాదు. ఆయనకూ వెనకటి ఊళ్లు ఉండే ఉంటాయి. వాటిలో ఏ ఊరి కోసం ఆయన మనసు కొట్టుకునేదో నేను ఒక్కనాడూ అడగలేదు.

నేను ఇప్పటికీ పొద్దున బస్టాండుకు పోతాను. చాయ తాగుతాను, మణుగూరు బస్సు పోయాక ఇంటికి వస్తాను. పిల్లలూ, మీరు త్వరలో ఏదో ఒక ఊరికి పోతారు. అక్కడ మీకన్నా ముందు పనిచేసిన ముసలి పాస్టరు ఒకరు ఎక్కడో బతికే ఉంటారు. మీ కాళ్లు ఆ ఊళ్లో నిలదొక్కుకున్నాక, ఏ కష్టమూ లేని ఒక మామూలు ఆదివారం చూసి ఆయన్ని పిలవండి. ఆయన తనంతట తాను రాకూడదు. రోజూ బస్సు దాకా వచ్చి తిరిగి ఇంటికి పోతున్నాడేమో, మీకేం తెలుసు.